ఓడ ఎక్కని చొక్కాలు

నేను చిక్కబళ్ళాపుర శివార్లలోని ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కాగితాల పని చేస్తాను. మిషన్ల మీద కూర్చునే ఆడవాళ్ళు మమ్మల్ని ఆఫీసోళ్ళు అంటారు. ఆ ఆఫీసంటే ఒక అద్దాల గది, రెండు కంప్యూటర్లు, నేను, మా షిప్పింగ్ మేనేజరు. కింద హాల్లో తయారయ్యే చొక్కాలు అమెరికా పోతాయి. ఏ పెట్టెలో ఏముందో, ఏ గుడ్డతో కుట్టామో, ఎక్కడ కుట్టామో, విలువ ఎంతో రాసిచ్చే పని మాది. ఆ రాతను బట్టే అక్కడి రేవులో సుంకం వేస్తారు.

చేరిన కొత్తలో సుంకమంటే సరుకు వెల మీద ఇంత అని ఒకే లెక్క ఉంటుందనుకున్నాను. అలా కాదని తెలియడానికి ఆరు నెలలు పట్టింది. బనియను మాదిరి అల్లిన గుడ్డకు ఒక సుంకం, నేసిన గుడ్డకు ఒకటి. మగవాళ్ళ చొక్కాకు ఒకటి, ఆడవాళ్ళ చొక్కాకు ఒకటి. ఎవరిదో తేల్చడానికి గుండీల దగ్గర ఏ అంచు ఏ అంచు మీదికి వస్తుందో చూస్తారు. నూలూ పాలిస్టరూ కలిసిన గుడ్డయితే తూకంలో ఏది ఎక్కువో దాని పేరే చొక్కాకు పెడతారు. నూలు చొక్కా కంటే పాలిస్టరు చొక్కాకు అమెరికాలో సుంకం ఎక్కువ. మేము చైనా నుంచి గుండీలు తెప్పించుకుంటాం. అవి చొక్కాల మీదెక్కి మళ్ళీ దేశం దాటిపోతాయని రాసిస్తే మన రేవులో వాటికి సుంకం పడదు. అయితే రాసిచ్చిన లెక్కకు తగ్గితే జవాబు చెప్పాలి.

మా నాయనకు చింతామణిలో బట్టల అంగడి ఉంది. ఒకసారి ఇదంతా ఆయనకు చెబితే నవ్వాడు.

"గుండీలు ఏ పక్కకుండాయని గూడా అడుగుతారా? పెండ్లిచూపుల్లో గూడా ఇన్ని అడగరు గదమ్మా" అన్నాడు.

ఆ ఏడు అమెరికా మన దేశపు సరుకు మీద సుంకం పెంచింది. అది చాలక ఇంకా పెంచుతున్నామని, ఫలానా రోజు నుంచి అమలని చెప్పింది. ఆ రోజు కంటే ముందు ఓడ ఎక్కి దారిలో ఉన్న సరుకుకు మాత్రం పాత సుంకమే అన్నారు. మా యజమాని ఆ వార్తను ప్రింటు తీయించి తన బల్ల మీద అద్దం కింద పెట్టుకున్నాడు.

సుంకం కట్టేది మేము కాదు. అక్కడ సరుకు దించుకునే వ్యాపారి కడతాడు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మా బాగేపల్లి వీధిలో ఎవరో ఒకరు "మరి మీకేమి నష్టం?" అంటారు. అతను కట్టేది మా దగ్గరికి వేరే దారిలో వస్తుంది. ధర తగ్గించమంటాడు. తగ్గించలేమంటే, సుంకం తక్కువున్న ఇంకో దేశంలో కుట్టించుకుంటాడు. అప్పుడు మా చేతిలో ఉన్నది నీలం చారల చొక్కాల ఆర్డరు. ఆ తేదీ లోపల ఓడ ఎక్కితేనే తీసుకుంటానని కొనేవాడు రాశాడు. లేకపోతే వద్దన్నాడు. సోమవారం పొద్దున కంటైనరు బండి మా గేటు దాటితేనే చెన్నైలో ఆ ఓడ అందుతుంది. మూడు లైన్లూ అదే చొక్కా మీద కూర్చున్నాయి.

బుధవారం సాయంత్రం ఫ్యాక్టరీ బస్సులో ఇంటికి పోతున్నాను. బాగేపల్లి దాకా నా పక్కన రోజూ కూర్చునే అమ్మాయి మూడో లైనులో కాలర్లు కుడుతుంది. నాకంటే ఆరేడేళ్ళు చిన్నది. చేరి ఏడాదిన్నర అయింది. కటింగ్‌లో మిగిలిన గుడ్డముక్కలు పారేసేవే కాబట్టి ఒకటీ రెండూ తెచ్చుకుని టిఫిన్ డబ్బాకు చుట్టుకోవడం అందరికీ అలవాటు. ఆమె తన డబ్బా మీది ముక్కను విప్పి, ఒలికిన చారు తుడుస్తూ విసుక్కుంది.

"ఈ గుడ్డ నీళ్ళు పీల్చేదే లేదక్కా. ముందర వచ్చిన గుడ్డ బాగుండె. ఇది తుడిస్తే తుడిచినట్లే ఉండదు."

"రెండూ ఒకటే గుడ్డ కదా?" అన్నాను.

"చూసేకి ఒకటే. సూది కింద వేరే. ఇది జారతాది. వారం దినాల నుంచి మా లైనుకు ఇదే వస్తాండాది."

నేను ఆ ముక్క అడిగి తీసుకున్నాను. ఎందుకని ఆమె అడగలేదు. కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఆ చొక్కాల మీద నేను రాసి పెట్టిన మాట నాకు కంఠతా వచ్చు. నూలు అరవై, పాలిస్టరు నలభై. గుడ్డలో ఏముందో చెప్పే ఆ కాగితం మీద మేనేజరు సంతకం కాదు, నా సంతకం ఉంటుంది.

ఇంటికి పోయి వంటింట్లో ఆ ముక్క నుంచి నాలుగు దారాలు లాగి అగ్గిపుల్లతో అంటించాను. మా నాయన అంగడిలో చేసే పరీక్ష ఇది. నూలు కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. పాలిస్టరు ముడుచుకుని, చల్లారాక నల్లపూసలా గట్టిపడుతుంది. కలిసిన గుడ్డలో రెండూ కనిపిస్తాయి. నా టిఫిన్ డబ్బాకు చుట్టుకునే పాత ముక్కను కాలిస్తే బూడిద ఎక్కువ. కొత్త ముక్క కాలిస్తే పూస గోటికి గట్టిగా తగిలింది. ఇది రుజువు కాదని నాకు తెలుసు. అయినా ఆ పూసను వేళ్ళ మధ్య దొర్లిస్తూ చాలాసేపు పొయ్యి దగ్గరే నిలబడ్డాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

గురువారం పొద్దున ఆఫీసుకు పోగానే ఫైలు తీశాను. మొదట వచ్చిన గుడ్డకు ల్యాబు రిపోర్టు ఉంది. రెండోసారి వచ్చిన గుడ్డకు లేదు. మిల్లు బిల్లు మాత్రమే ఉంది. ఆ మిల్లు కూడా వేరే. మొదటి మిల్లు చాలినంత ఇవ్వలేకపోతే మిగతాది హడావిడిగా ఇంకోచోట కొన్నారు.

మా మేనేజరుది గౌరిబిదనూరు. ఈ పనిలో తల నెరిసిన మనిషి. నాకు తెలిసిందంతా ఆయన నేర్పిందే. కాగితాలన్నీ ఆయన ముందు పరిచి, రెండో గుడ్డకు రిపోర్టు లేదన్నాను.

"ఇదీ అరవై నలభైనే అని మిల్లోళ్ళు చెప్పినారు గదమ్మా. బిల్లులో గూడా అట్లే ఉండాది" అన్నాడు.

"చూస్తే అట్ల లేదు సార్. పాలిస్టరే ఎక్కువుందేమో అనిపిస్తాది."

"చూసి చెప్పేకి నువ్వేమన్నా ల్యాబా?"

"కాదు సార్. అందుకే ల్యాబుకు పంపుదామంటాండా."

ఆయన లేచి గది తలుపు మూశాడు. గొంతు తగ్గించాడు.

"సోమవారం బండి పోవల్ల. ఇప్పుడు ఈ మాట ఎత్తితే ఏమయితాదో ఆలోచన చేసినావా? అంత సరుకులో ఏ చొక్కా ఏ గుడ్డదో ఎవురికి తెలుసు? ఇస్త్రీ కాడ గుడ్డ నంబరు చీటీలన్నీ పీకేసినారు. ఈ నాలుగు దినాలు పోనీ. ఓడ ఎక్కినంక చూస్తాము."

"ఓడ ఎక్కినంక చూసేకి ఏముంటాది సార్?"

అద్దం లోంచి కింద హాలు కనబడుతోంది. నీలం చారల గుట్టలు, వాటి వెనక వంగిన తలలు. అవన్నీ ఆయనా చూస్తున్నాడు, నేనూ చూస్తున్నాను.

"సంతకం నాది సార్" అన్నాను.

"పంపు" అన్నాడు చివరికి. "బెంగళూరుకు ఇప్పుడే మనిషిని పంపు. యజమానికి మాత్రం రిపోర్టు వచ్చేంతవరకూ చెప్పేది వద్దు."

రెండు ముక్కల నుంచీ సగం కత్తిరించి కవరులో పెట్టి పంపాను. శనివారం పొద్దునకు ఇస్తామని ల్యాబువాళ్ళు చెప్పారు.

ఆ సాయంత్రం బాగేపల్లి బస్సు ఎక్కలేదు. మా ఇంటికి ఫోను చేసి, చింతామణి బస్సు పట్టుకుని పుట్టింటికి పోయాను. అంగడిలో నాయన ఒక్కడే ఉన్నాడు. నేను ఏమీ చెప్పకుండా మిగిలిన రెండు ముక్కలు గల్లాపెట్టె మీద పెట్టాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకోలేదు. కళ్ళు మూసుకుని బొటనవేలు, చూపుడువేలి మధ్య ఒక్కొక్కటీ రుద్దాడు. తర్వాత నీళ్ళ చెంబులో వేలు ముంచి ఒక్కో చుక్క వేశాడు. పాత ముక్క మీది చుక్క వెంటనే పరుచుకుంది. కొత్త దాని మీది చుక్క కాసేపు నిలిచే ఉంది.

"ఇది నూలు తక్కువ. కానీ నా వేలు చెప్పింది ఎవురూ ఒప్పుకోరు. ఎందుకు, ఏమయింది?"

అంతా చెప్పాను. ఆయన మధ్యలో అడ్డం రాలేదు. చెప్పడం అయ్యాక, "నువ్వైతే ఏం చేస్తావు నాయనా?" అని అడిగాను.

"నన్ను అడగొద్దు. నేను ఒకసారి తెలిసే అమ్మినా" అన్నాడు. "నువ్వు అప్పుడు చిన్నపిల్లవి. పంచలు. అంతా నూలే అని చెప్పి మిక్సు గుడ్డ ఇచ్చినా. ఎవురూ వచ్చి అడగలేదు. ఆ గిరాకీ ఇప్పటికీ మన అంగడికే వస్తాడు. ఆయప్ప వచ్చినప్పుడంతా నేను లోపలికి పోయి మీ అమ్మను పంపిస్తా."

నాకు ఆ మనిషి ఎవరో తెలుసు. ఆయన వస్తే నాయన లోపలికి పోవడమూ చిన్నప్పటి నుంచి చూశాను. ఏదో పాత తగాదా అనుకునేదాన్ని.

శుక్రవారం ఎలా గడిచిందో చెప్పడం కష్టం. పెట్టెలు గోడకు పేరుస్తూనే ఉన్నారు. ప్రతి పెట్టెకూ నేనే అంటించాల్సిన చీటీలు ప్రింటు తీస్తూనే ఉన్నాను. ఆ చీటీల మీద కూడా అరవై, నలభై. యజమాని రెండుసార్లు వచ్చి ఎన్ని అయ్యాయని అడిగాడు. అడిగిన ప్రతిసారీ మేనేజరు నా వైపు చూడకుండా జవాబు చెప్పాడు. మధ్యాహ్నం కాలర్ల అమ్మాయి నీళ్ళ దగ్గర కనబడి, "నిన్న బస్సులో రాలేదేమక్కా?" అంది. పుట్టింటికి పోయానన్నాను. ఆమె మాట పట్టుకునే ఇదంతా జరుగుతోందని చెప్పడానికి నోరు రాలేదు. తప్పు లేదని తేలితే చెప్పాల్సిన పనే ఉండదు కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే, తప్పు లేదని తేలాలనే మొక్కుకున్నాను.

శనివారం పదకొండు గంటలకు రిపోర్టు కంప్యూటర్లోకి వచ్చింది. పాత ముక్క మేము రాసినట్లే ఉంది. కొత్త ముక్కలో నూలు నలభై నాలుగు, పాలిస్టరు యాభై ఆరు.

మేనేజరు నా వెనక నిలబడి చదివాడు. "ఇంతేనా?" అన్నాడు. "ఇంత తేడాకేనా?"

"సగం దాటిందా లేదా అనేదే గదా సార్ లెక్క. మీరే నేర్పించినారు."

ఆయన రిపోర్టు ప్రింటు తీయించాడు. అది చేత పట్టుకుని, "రా" అని నన్ను యజమాని గదికి తీసుకుపోయాడు.

యజమాని కన్నడంలోనే మాట్లాడతాడు. రిపోర్టు రెండుసార్లు చూశాడు. మొదట మిల్లును తిట్టాడు. తర్వాత, ఇన్ని రోజులూ గుడ్డ లోపలికి వస్తుంటే ఎవరూ ఎందుకు చూడలేదని మేనేజరును అడిగాడు. ఆ తర్వాత నన్ను అడిగాడు, ఈ అనుమానం నీకు ఎవరు చెప్పారని. నాకే వచ్చిందన్నాను. బస్సులో మాట బయటపెడితే ఆ అమ్మాయి మీదికి పోతుందని భయమేసింది.

"అమెరికాలో ప్రతి కంటైనరునూ తెరుస్తారా?" అని అడిగాడు.

తెరవరని చెప్పాను. చాలావాటిని కాగితం చూసే వదిలేస్తారని చెప్పాను. తెరిస్తే మాత్రం ఒక చొక్కా కత్తిరించి ల్యాబుకు పంపుతారు. కాగితంలో ఒకటి, గుడ్డలో ఒకటి ఉంటే జరిమానా కొనేవాడి మీద పడుతుంది. కొనేవాడు మమ్మల్ని వదిలేస్తాడు. మా పేరు ఒకసారి అలా ఎక్కితే తర్వాత పోయే ప్రతి పెట్టెనూ అనుమానంతో చూస్తారు. నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్లు చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన నన్ను కాదు, అద్దం కింది తేదీని చూస్తున్నాడు.

"నువ్వు సంతకం పెట్టకపోతే ఇంకొకరు పెడతారు" అన్నాడు.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అప్పుడు మేనేజరు గొంతు సవరించుకుని, రిపోర్టు చూశాక తాను కూడా పెట్టలేనన్నాడు. వేరు చేయగలిగినంత వేరు చేసి, సరైన చొక్కాలను సోమవారం పంపుదామన్నాడు. మిగతావాటి లేబులు మార్చి, పాలిస్టరు అని నిజం రాసి, తర్వాతి ఓడకు ఎక్కిద్దామన్నాడు. యజమాని అలాగే చేయమన్నట్లు చెయ్యి ఊపి వెళ్ళమన్నాడు.

వేరు చేయడం ఎలా? గుడ్డ నంబరు చీటీలు లేవు. చూపుకు రెండూ ఒకటే. పెట్టెలు సైజు ప్రకారం కట్టారు కాబట్టి ప్రతి పెట్టెలోనూ రెండు గుడ్డలూ ఉన్నాయి. నాయన వేసిన నీటిచుక్క నాకు గుర్తొచ్చింది. గిన్నెల్లో నీళ్ళు పెట్టించాం. చొక్కా కింది అంచు లోపలివైపు తడి వేలితో ఒక చుక్క వేసి చూడాలి. పీల్చుకుంటే ఒక కుప్ప, నిలిస్తే ఇంకో కుప్ప. అనుమానం ఉన్నదల్లా రెండో కుప్పలోకే. చుక్క నిలవడానికి ఆ మిల్లు గుడ్డకు పెట్టిన పూత కూడా ఒక కారణమని తర్వాత తెలిసింది. ఆ పొద్దు మాకు అదే పనికొచ్చింది.

ఆదివారం ఇష్టమున్నవాళ్ళు రావచ్చని చెబితే దాదాపు అందరూ వచ్చారు. కాలర్ల అమ్మాయి కూడా వచ్చింది. ఆమెకు నీళ్ళు అక్కర్లేదు. మడత మీద అరచెయ్యి పెట్టి "ఇది పాతది, ఇది కొత్తది" అని పక్కకు వేస్తూ పోయింది. ఆమె వేసిన కుప్పలో నుంచి నేను పదింటికి ఒకటి తీసి చుక్క వేసి చూశాను. ఒక్కటీ తప్పు పోలేదు.

"ఎందుకక్కా ఇదంతా?" అని అడిగింది.

"రెండో గుడ్డలో పాలిస్టరు ఎక్కువుండాది. కాగితంలో నూలని రాసినాము. అక్కడ సుంకం వేరే అయితాది."

ఆమె చెయ్యి ఆగింది. "నేను ఆ పొద్దు బస్సులో చెప్పిన గుడ్డనా?"

"అదే."

ఆమె మళ్ళీ చొక్కాలు పక్కకు వేయసాగింది. కానీ ఆ తర్వాత సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

రెండో కుప్ప అనుకున్నదానికంటే పెద్దదైంది. మొత్తంలో మూడోవంతుకు పైనే. సోమవారం పొద్దున బండి వచ్చింది. ఎక్కించగా ఇంకా ఖాళీ మిగిలింది. ఆ ఖాళీతోనే తలుపులు మూసి సీలు వేస్తుంటే యజమాని మెట్ల మీదే నిలబడి చూసి లోపలికి పోయాడు. కొత్త లెక్క ప్రకారం కాగితాలు రాసి సంతకం పెట్టాను. సంతోషం మాత్రం లేదు. చెన్నైలో కంటైనరు తేదీ లోపలే ఓడ ఎక్కిందని రెండు రోజులకు మెసేజ్ వచ్చింది. మేనేజరు అది చదివి మొదటిసారి కాఫీ తెప్పించాడు.

మిగిలిన చొక్కాల లేబుళ్ళు కుట్లు విప్పి మార్చడానికి వారం పట్టింది. అప్పటికి కొత్త సుంకం వచ్చేసింది. పాలిస్టరుకు మామూలుగా ఉండేదే ఎక్కువ, దాని మీద ఈ పెంపు. కొనేవాడు వద్దన్నాడు. ఎంత తగ్గించి ఇస్తామన్నా వద్దన్నాడు. దాంతోపాటు వచ్చే సీజనుకు ఇస్తానన్న ఆర్డరును కూడా వాయిదా వేశాడు. అది సుంకం వల్లనా, మా రెండో కుప్ప వల్లనా అని మేనేజరును అడిగితే "రెండూ అమ్మా" అన్నాడు. ఏది ఎంత అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

నెల తిరక్కముందే మూడో లైను మూసేశారు. ఆఖరున చేరినవాళ్ళు ముందు పోవాలని నోటీసు బోర్డులో పేర్లు అంటించారు. కాలర్ల అమ్మాయి పేరు పైనుంచి నాలుగోది. ఆ పట్టిక టైపు చేసింది నేను కాదు. అయినా అందరూ నా వైపే చూశారు. ప్యాకింగులో ఎవరో "ఆఫీసామె మడి కట్టుకుంది, మన పొట్టలు కాలినాయి" అన్నారని నా చెవిన పడింది. బాగేపల్లి బస్సులో నేను ఎక్కితే మాటలు ఆగిపోయేవి. నా పక్క సీటు కొన్నాళ్ళు ఖాళీగానే వచ్చింది. మంది నిలబడి ఉన్న రోజుల్లో కూడా.

రెండు నెలలకు కొనేవాడి దగ్గర నుంచి సరుకు అందినట్లు మాట వచ్చింది. మేనేజరు నన్ను పిలిచి కూర్చోమన్నాడు.

"తెరవనే లేదంట" అన్నాడు.

"ఏది సార్?"

"మన కంటైనరు. కాగితం చూసి వదిలేసినారంట. సీలు గూడా ముట్టలేదు."

ఆయన కిటికీ వైపు తిరిగి, "ఇది ఎవురికీ చెప్పొద్దు" అన్నాడు. ఆ రోజంతా నేను లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. మొత్తం చొక్కాలు ఎక్కించి ఉంటే పోయేవి. మూడో లైను ఇంకో నెలో, రెండు నెలలో నడిచేది. నేను ఆ మాట ఎత్తకపోయినా చివరికి జరిగేది అదేనని, పెంచిన సుంకం ఎలాగూ ఆ లైనును మూయించేదని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కావచ్చు. కానీ నిజం కాబట్టి చెప్పుకున్నానో, నిద్ర పట్టడానికి చెప్పుకున్నానో తేల్చుకోలేకపోయాను.

తర్వాత ఒక ఆదివారం బాగేపల్లి బస్టాండులో ఆ అమ్మాయి ఎదురుపడింది. చేతులకు గీతలున్నాయి. చిక్కబళ్ళాపుర దగ్గర గులాబీ తోటలో పూలు కోసే పనికి పోతున్నానంది. చూసీ చూడనట్లు పోతుందనుకున్నాను. ఆమే ఆగింది.

"ఆ చొక్కాలు అమెరికాలో చూసినారా అక్కా?"

మేనేజరు ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఆమెకు చెప్పకుండా ఉండలేకపోయాను.

"లేదు. తెరవనే లేదంట."

ఆమె చేతిసంచీని ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

"అయితే నేను నోరు మూసుకోని ఉండింటే నాకు పని ఉండేది."

"కొన్నాళ్ళు ఉండేది."

"కొన్నాళ్ళయినా ఉండేది గదా" అంది. "నీ మింద కోపం వచ్చిందక్కా. ఇప్పుడూ ఉండాది. ఎంత మందిని అడిగినా నీది తప్పని ఎవురూ గట్టిగా చెప్పలేదు. అందుకు ఇంకా కోపం."

ఏమి చెప్పినా నన్ను నేను కాపాడుకున్నట్లే ఉంటుందనిపించింది. యజమాని అడిగినప్పుడు నీ పేరు చెప్పలేదని చెబుదామా అనుకున్నాను. అది ఆమెకు ఏ విధంగానూ పనికిరాని మాట. మింగేశాను.

"నాకేమన్నా చెయ్యల్లంటే ఒకటి చెయ్" అంది. "చింతామణి రోడ్డులో బడిపిల్లోళ్ళ యూనిఫారాలు కుట్టే యూనిట్ ఒకటి పెట్టినారంట. కాలర్లు తెలిసినోళ్ళు కావల్లంటాండారు. పని చేసినట్లు కాగితం అడుగుతాండారు. మన ఫ్యాక్టరీలో అడిగితే ఇయ్యలేదు."

సోమవారం మేనేజరు ముందు నిలబడి అడిగాను. అది సిబ్బంది విభాగంవాళ్ళు ఇవ్వాల్సిన కాగితం, మనకు సంబంధం లేదన్నాడు. అక్కడే నిలబడి ఉన్నాను. ఆయన తల ఎత్తి చూసి, లోపలికి ఫోను చేశాడు. ఆ కాగితం రాయడం మాత్రం నాకే వదిలేశారు. ఏడాదిన్నర కాలర్లు కుట్టిందని, పని శుభ్రమని రాశాను. గుడ్డను చేత్తో పట్టి చెప్పగలదని కూడా ఒక వాక్యం చేర్చాను. అలాంటి మాట ఎవరూ రాయరని మేనేజరు పెన్ను ఎత్తాడు. మళ్ళీ ఏమనుకున్నాడో, కొట్టేయకుండానే సంతకం పెట్టాడు.

ఆమెకు ఆ పని దొరికింది. జీతం తక్కువ. కానీ అక్కడ కుట్టే యూనిఫారాలు చింతామణి, సాదలి చుట్టుపక్కల బళ్ళకే పోతాయి కాబట్టి, ఏ దేశం ఏ రోజు సుంకం పెంచినా తనకు భయం లేదని ఎవరితోనో అందట. మొన్న దసరా సెలవుల్లో వాళ్ళ ఇంటికి పోయాను. మిషను ముందు కూర్చుని పక్కింటివాళ్ళ రవికె కుడుతోంది. నన్ను చూసి లేవలేదు. కుట్టు ఆపలేదు కూడా.

"ఆడ కూర్చో అక్కా. ఈ రవికె చెయ్యి అయిపోనీ, కాఫీ పెడతా" అంది.

కూర్చున్నాను. చెయ్యి కుట్టడం అయ్యాక ఆమె లేచి పొయ్యి వెలిగించింది.